టర్బో డీజిల్ బండి ఈల వేస్తుంటే: గాలి ఎక్కడ పోతోందో పట్టుకునే పద్ధతి

టర్బో (పొగ బలంతో తిరుగుతూ ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పంకా) ఉన్న డీజిల్ బండి ఏదైనా కొంత ఈల వేస్తుంది. లోపలి చక్రాలు నిమిషానికి లక్ష నుంచి రెండు లక్షల చుట్లు తిరుగుతాయి, ఆ వేగంలో చప్పుడు లేకుండా ఉండదు. రేసు ఇస్తే సన్నగా లేచి, కాలు తీయగానే అణిగిపోయే ఈల బండి కొన్న రోజు నుంచీ ఉంటే, పికప్ తగ్గకపోతే, పొగ లేకపోతే దాని జోలికి పోనక్కర్లేదు. కొత్తగా మొదలైన ఈల, లేదా పాత ఈలే గొంతు మార్చుకోవడం, ఈ రెండింటికే బానెట్ ఎత్తాలి.

మన రాయలసీమ వైపు గొంతు మారడానికి కారణాలకు కొదవ లేదు. ఏప్రిల్, మే నెలల్లో 40 దాటే ఎండకు బానెట్ కింద రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది. తాడిపత్రి, బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపు తిరిగే బండ్లకు నాపరాళ్ల ధూళి, ఎర్రగుంట్ల వైపు బండ్లకు సిమెంటు ధూళి. ఎండ వల్ల హోసులు లీకవుతాయి. ధూళి ఫిల్టర్‌ను మూసేస్తుంది, ఫిల్టర్ తర్వాత సందు ఉంటే టర్బో రెక్కలనే అరగదీస్తుంది. చేసే చప్పుడు చూస్తే రెండూ ఒకటే అనిపిస్తాయి, చేసే నష్టంలో మాత్రం చాలా తేడా ఉంది.

ఈల అనగానే "టర్బో పోయింది సార్" అనే మాట షెడ్డులో తొందరగా వచ్చేస్తుంది. కొత్త టర్బో వేలల్లో పని, వదులైన హోస్ క్లిప్పు పదుల్లో పని. ప్రెజర్ టెస్ట్ చేయకుండా టర్బో విప్పనివ్వకండి.

ఈల ఎప్పుడు వస్తోంది?

ఎక్కడి నుంచి వస్తోందో వెతికే ముందు, ఎప్పుడు వస్తోందో తేల్చుకుంటే సగం పని అయిపోతుంది. బండి బాగా వేడెక్కాక 3వ గేరులో 1500 ఆర్‌పీఎం దగ్గర కాలు పూర్తిగా నొక్కి 3000 దాకా లాగండి. అద్దాలు దించి ఒకసారి, ఎత్తి ఒకసారి. లోడ్ పడాలంటే ఎక్కుడు ఉన్న చోటు మేలు. కడప వాళ్లకు రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్ ఉండనే ఉంది. కర్నూలు, అనంతపురం వాళ్లు 44వ నంబరు హైవే మీద ట్రాఫిక్ లేని వేళ ఫ్లైఓవర్ ఎక్కే చోట చూసుకోవచ్చు. పక్కన ఇంకొకరుండి వెనక పొగ రంగు చూస్తే ఇంకా మంచిది.

ఎక్కుడులో, లోడ్ మీద మాత్రమే ఈల వచ్చి, నిలబెట్టి రేసు ఇస్తే రాకుంటే బూస్ట్ లీక్ (టర్బో ఒత్తిడి కట్టిన గాలి దారిలోనే పోవడం) అని దాదాపు ఖాయం. నిలబడిన బండికి లోడ్ ఉండదు, టర్బో పెద్దగా ఒత్తిడి కట్టదు, కాబట్టి సందు నోరు విప్పదు. షెడ్డు ముందు నిలబెట్టి "ఏమీ రావట్లేదే" అని పంపేసేది ఇందుకే. దీనితోపాటు పికప్ తగ్గడం, నల్ల పొగ ఉంటాయి. గాలిని కొలిచే సెన్సర్ టర్బోకి ముందు ఉంటుంది. వచ్చిన గాలంతా ఇంజన్‌కు చేరిందనుకుని ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) డీజిల్ పోస్తుంది, దారిలో పోయిన గాలి లెక్క దానికి తెలియదు. కాలని డీజిలే ఆ నల్ల పొగ.

పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు "చఫ్ చఫ్" కలిసిన ఈల వచ్చి, పది నిమిషాలకు తగ్గిపోతే ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డు వైపు చూడాలి. వేడికి ఇనుము వ్యాకోచించి సందు మూసుకుంటుంది. స్లో రన్నింగ్‌లోనే ఈల ఉండి, బ్రేక్ తొక్కితే గొంతు మారితే అది బ్రేకుకు సాయపడే వాక్యూమ్ లైను. స్లో రన్నింగ్‌లో ఉన్న ఈల డిప్‌స్టిక్ గానీ ఆయిల్ మూత గానీ కాస్త లాగగానే ఆగిపోతే క్రాంక్‌కేస్ (ఇంజన్ అడుగు భాగం) ఆవిరిని బయటికి వదిలే బ్రీదర్ వాల్వులో డయాఫ్రం (రబ్బరు పొర) చిరిగింది, లేదా బ్రీదర్ పైపు మూసుకుపోయింది.

లోడ్‌తో సంబంధం లేకుండా ఆర్‌పీఎంతోనే ఎక్కి దిగితే ఆల్టర్నేటర్ బేరింగ్, బెల్ట్ టెన్షనర్, స్టీరింగ్ పంపు. పొడుగు స్క్రూడ్రైవర్ కొన వాటి బాడీకి ఆనించి పిడిని చెవి దగ్గర పెట్టుకుంటే ఏదో తెలిసిపోతుంది. బెల్టుకు, ఫ్యానుకు దూరంగా ఉండాలి, మెడలో తువ్వాలు ఉండకూడదు. ఇక ఆర్‌పీఎం మారినా గొంతు మారకుండా, బండి వేగాన్ని బట్టే మారే ఈల ఇంజన్‌ది కాదు. క్యారియర్, అద్దం రబ్బరు, వీల్ బేరింగ్ చూసుకోవాలి.

ఒక్క చప్పుడు మాత్రం వేరు. అంబులెన్స్ సైరన్ లాగా గట్టిగా లేచి పడుతూ, దానితో నీలిరంగు పొగ ఉంటే అది టర్బో బేరింగ్ గానీ రెక్కలు గానీ. అక్కడే పక్కకు తీసి ఆపేయండి. "ఇంటిదాకా పోదాం" అంటే ఆ దారిలోనే రెక్క విరిగి, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌లోకి పోతుంది.

చూసి, తడిమి పట్టుకునేవి

ఇంజన్ చల్లారాక మొదలుపెట్టండి. గాలి నడిచే దారి ఒకటే: ఎయిర్ ఫిల్టర్ పెట్టె, టర్బో నోటికి పోయే హోస్, టర్బో, అక్కడి నుంచి ఇంటర్‌కూలర్‌కు వేడి హోస్, ఇంటర్‌కూలర్, ఇన్‌టేక్ మ్యానిఫోల్డుకు చల్లని హోస్. ఆ వరసలోనే వేలితో తడుముకుంటూ పోండి.

మొదట ఫిల్టర్ పెట్టె మూత. సర్వీసు అయిన మర్నాడే ఈల మొదలైతే పదిలో చాలాసార్లు కారణం ఇదే. ఒక క్లిప్పు పడి ఉండదు, లేదా ఫిల్టర్ అంచు రబ్బరు గాడిలో కూర్చుని ఉండదు. తర్వాత టర్బో నుంచి బయటికి వచ్చే వేడి హోస్. అందులో గాలి 100 డిగ్రీలు దాటి ఉంటుంది, బ్రీదర్ నుంచి వచ్చిన ఆయిల్ ఆవిరి కూడా ఉంటుంది. హోస్ పైభాగం కొత్తదానిలా ఉన్నా, కంటికి కనబడని అడుగుభాగంలోనే పగులు ఉంటుంది. అడుగున వేలు పెట్టి నిమిరితే ఆయిల్, ధూళి కలిసి నల్లగా జిగురుగా అంటుతుంది. ఆ జిగురును గుడ్డతో తుడిచి, హోస్‌ను రెండు చేతులా వంచి చూడండి, పగులు నోరు తెరుస్తుంది. లోపల పల్చటి ఆయిల్ పొర మామూలే, దానికి భయపడొద్దు. బయటికి వచ్చిందంటేనే సందు ఉన్నట్టు.

కొన్ని కార్లలో స్క్రూ క్లిప్పుకు బదులు స్ప్రింగ్ లాక్ ఉన్న జాయింట్లుంటాయి. వాటిలో ఓ-రింగ్ గట్టిపడినా తెగినా సన్నటి ఈల వస్తుంది. హోస్ మొత్తం మార్చే ముందు ఆ రింగ్ తీసి చూడండి. టర్బో బయటి వైపు పైపుకు ప్లాస్టిక్ రెసోనేటర్ డబ్బా ఉంటే దాని అతుకు కూడా చూడాలి, వేడికి అది విచ్చుకుంటుంది.

ఇంటర్‌కూలర్ బండి ముందు భాగంలో ఉంటే రాళ్లు తగులుతాయి. అల్యూమినియం కోర్‌కు ప్లాస్టిక్ ట్యాంకు పట్టించిన అంచు దగ్గర ఆయిల్ తడి ఉంటే అక్కడ గాలి పోతున్నట్టే.

ఓబీడీ డాంగిల్ (బండి కంప్యూటర్ లెక్కలను ఫోన్‌లో చూపే చిన్న పరికరం) ఉంటే ఇంకో ఆధారం దొరుకుతుంది. ఇంజన్ ఆపి కీ ఆన్ చేస్తే మానిఫోల్డ్ ప్రెజర్ మన ఊళ్లలో 96 నుంచి 100 కిలోపాస్కల్ మధ్య చూపాలి. అది బయటి గాలి ఒత్తిడి. ఘాట్‌లో పూర్తి లోడ్ మీద చాలా కార్లలో 200 దాటుతుంది. ఈసీయూ కోరిన బూస్ట్, వాస్తవంగా వచ్చిన బూస్ట్ రెండూ చూపే యాప్ అయితే పక్కపక్కన పెట్టుకోండి. వచ్చింది ఎప్పుడూ 20, 30 కిలోపాస్కల్ తక్కువుంటే లీక్, లేదా వీజీటీ (టర్బోలో పొగ దారిని మార్చే కదిలే రెక్కలు) సరిగా కదలడం లేదు. డాంగిల్ చూపే పీ0299 కోడ్ అర్థం కూడా అంతే: బూస్ట్ తక్కువ. టర్బో మార్చమని ఆ కోడ్ చెప్పదు.

ప్రెజర్ టెస్ట్

కంటికి దొరకనిది దీనికి దొరుకుతుంది. సామాను పెద్దగా ఏమీ లేదు. టర్బో నోటి హోస్ లోపలి కొలతకు బిగుతుగా సరిపడే పీవీసీ ఎండ్ క్యాప్ ఒకటి హార్డ్‌వేర్ షాపులో, ట్యూబ్‌లెస్ టైరు వాల్వు ఒకటి పంక్చర్ షాపులో దొరుకుతాయి. మామూలు కారు వాల్వు టీఆర్413 అయితే క్యాప్ మధ్యలో 11.5 మిల్లీమీటర్ల రంధ్రం చేసి లోపలి నుంచి లాగితే గట్టిగా కూర్చుంటుంది. ఒక స్ప్రే బాటిల్, అర లీటరు నీళ్లు, ఒక చెంచా గిన్నెలు తోమే లిక్విడ్, టైరు ప్రెజర్ గేజ్. గేజ్ లేకుండా మాత్రం చేయొద్దు.

ఇంజన్ ఆపి, చల్లారాక, ఫిల్టర్ పెట్టె నుంచి టర్బోకి వచ్చే హోస్‌ను పెట్టె వైపు విప్పండి. ఆ చివర క్యాప్ దూర్చి క్లిప్పు బిగించండి. ఈ హోస్‌కే ఇంజన్ నుంచి బ్రీదర్ పైపు వచ్చి కలుస్తుంది. దాన్ని విప్పి, హోస్ వైపు రంధ్రాన్ని రబ్బరు బిరడాతో మూయాలి. మరిచిపోతే గాలంతా క్రాంక్‌కేస్‌లోకి పోయి ఆయిల్ సీళ్లు బయటికి తోసుకొస్తాయి. జాగ్రత్తకు ఆయిల్ మూత కూడా తీసి పెట్టండి.

ఇప్పుడు గాలి. ముందు 5 పీఎస్‌ఐ, తర్వాత 10, ఎంతైనా 15 దాటొద్దు. పంక్చర్ షాపు కంప్రెసర్ ట్యాంకులో వంద పీఎస్‌ఐ పైనే ఉంటుంది, రెగ్యులేటర్ లేకుండా నేరుగా తగిలిస్తే క్యాప్ తూటాలా ఎగురుతుంది. క్యాప్‌కు ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. కాలితో తొక్కే పంపుతో చేస్తే ఇంకా నిదానం, చిన్న సందులకు అది చాలు.

గాలి నిలబడదు, మెల్లగా దిగుతుంది. దానికి కంగారు పడొద్దు. ఏదో ఒక సిలిండర్‌లో వాల్వు తెరుచుకుని ఉంటుంది, గాలి ఆ దారిన సైలెన్సర్ వైపు గానీ ఆయిల్ మూత వైపు గానీ పోతుంది. క్రాంక్‌ను స్పానర్‌తో కాస్త తిప్పి చూస్తే ఈ చప్పుడు మారుతుంది. ఈజీఆర్ వాల్వు (పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపేది) మూసుకోక తెరుచుకుని ఉన్నా గాలి సైలెన్సర్‌లో వినిపిస్తుంది, అది మాత్రం రాసిపెట్టుకోవాల్సిన సంగతే.

సబ్బు నీళ్లు ఒక్కో జాయింటు మీద చల్లి పది సెకన్లు ఆగండి. పెద్ద సందు నీళ్లను చిమ్మేస్తుంది. చిన్నదాని దగ్గర సన్నటి తెల్లని నురుగు పురుగులా పాకుతూ పెరుగుతుంది. ఈల వేసేది తరచుగా ఆ చిన్నదే. పెద్ద చిరుగు బుస్సుమంటుంది, సన్నటి పగులు ఈల వేస్తుంది. వైర్ల సాకెట్ల మీద నీళ్లు పడకుండా చూసుకోండి. చెవికి సాయం కావాలంటే మేస్త్రీలు వాడే లెవెల్ ట్యూబ్ ఒక మీటరు ముక్క తీసుకుని, ఒక చివర చెవి దగ్గర, ఇంకో చివర జాయింటు చుట్టూ తిప్పండి. ఇంటర్‌కూలర్ వెనక చెయ్యి దూరని చోట్లకు ఇంతకంటే మంచి పనిముట్టు లేదు.

అయిపోయాక వాల్వు పిన్ను నొక్కి గాలంతా వదిలాకే క్యాప్ తీయండి. బిరడాలు తీసి, బ్రీదర్ తగిలించి, హోస్‌ను మళ్లీ ఫిల్టర్ పెట్టెకు బిగించి, ఆయిల్ మూత పెట్టి, అప్పుడు స్టార్ట్ చేయండి.

సందు దొరికితే ఏం చేయాలంటే, పగులు హోస్ చివర అంగుళం లోపే ఉండి హోస్ పొడుగు చాలితే ఆ ముక్క కోసేసి మళ్లీ తొడగొచ్చు. మధ్యలో ఉంటే మార్చడమే. సిలికాన్ టేప్ చుట్టడం ఇల్లు చేరేదాకా మాత్రమే. రేడియేటర్ హోస్ ముక్క పెట్టే అలవాటు కొన్ని చోట్ల ఉంది. ఆ రబ్బరు నీళ్లకు తయారైనది, ఆయిల్ ఆవిరికి ఉబ్బి మెత్తబడి ఊడిపోతుంది. ఎంసీల్ పూసిన ఇంటర్‌కూలర్ కూడా వేడికి, వణుకుకు ఎక్కువ రోజులు ఆగదు. అల్యూమినియం కోర్ పగిలితే వెల్డింగ్ చేయించొచ్చు, ప్లాస్టిక్ ట్యాంకు అంచు విడిస్తే మార్చుకోవడమే మేలు. క్లిప్పు బిగించేటప్పుడు అది పైపు చివరి ఉబ్బు గీత వెనక కూర్చోవాలి, ఉబ్బు మీద కాదు. రబ్బరు అంచు కొద్దిగా లేచేదాకా చాలు, ఇంకా తిప్పితే క్లిప్పే హోస్‌ను కోస్తుంది.

ఫిల్టర్‌కు, టర్బోకు మధ్య సందు

ఇక్కడి ఈల వేరే. గాలి బయటికి పోదు, లోపలికి పీలుస్తుంది. పికప్ పెద్దగా తగ్గదు, పొగ రాదు, అందుకే ఎవరూ పట్టించుకోరు. కానీ నాపరాళ్ల ధూళి ఫిల్టర్ దాటకుండా నేరుగా రెక్కల మీద పడుతుంది. ఆ వేగంలో తిరిగే అల్యూమినియం రెక్కలకు ఆ ధూళి ఉప్పుకాగితమే. అంచులు పల్చబడి బ్యాలెన్స్ పోతుంది, తర్వాత పిస్టన్ రింగులూ అరుగుతాయి. హోస్ తీసి లోపలి గోడను తెల్ల గుడ్డతో తుడవండి. శుభ్రంగా, లేదా కాస్త ఆయిల్‌తో రావాలి. బూడిద రంగు పొడి అంటితే సందు ఉంది, ఆ రోజే వెతకండి.

పూర్తిగా మూసుకుపోయిన ఫిల్టర్ కూడా పీల్చే ఈల వేస్తుంది. బండల పాలిష్ ఫ్యాక్టరీల మధ్య తిరిగే బొలెరో పికప్‌కు కంపెనీ పుస్తకంలోని కిలోమీటర్లు చెల్లవు, సగానికే మార్చుకోవాలి. ఫిల్టర్‌ను నేలకేసి కొట్టొద్దు, కాగితం మడతలు విడిపోతాయి. గాలి కొట్టాలంటే తక్కువ ప్రెజర్‌తో, లోపలి నుంచి బయటికి.

ఎగ్జాస్ట్ వైపు

మ్యానిఫోల్డు ప్యాకింగ్, టర్బో ఫ్లాంజ్, ఈజీఆర్ పైపు జాయింట్ల దగ్గర నల్లటి మసి చార ఉందేమో టార్చితో చూడండి. మసి ఉన్న చోటే లీకు. స్టడ్ విరిగినా, నట్టు వదులైనా మొదట ఈ చారే కనిపిస్తుంది. తడిమి చూడాలంటే పొద్దున స్టార్ట్ చేయకముందే, వేడెక్కాక అది చెయ్యి పెట్టే చోటు కాదు. ఇక్కడ పోయే గాలి టర్బైన్‌ను తిప్పాల్సిన గాలే, అందుకే పికప్ కూడా తగ్గుతుంది. ప్యాకింగ్ మార్చేటప్పుడు మ్యానిఫోల్డు ముఖం స్కేలు పెట్టి చూడాలి. వంగి ఉంటే కొత్త ప్యాకింగ్ నెలకే పోతుంది.

ఇంజెక్టర్ కింది రాగి వాషర్ లీకైనా చఫ్ చఫ్ అంటుంది. ఇంజెక్టర్ మొదట్లో తారులాంటి నల్లటి గట్టి మడ్డి పేరుకుని ఉంటే అదే.

వాక్యూమ్ సంగతి

చిన్న పని. బ్రేక్ బూస్టర్ పైపు, వాక్యూమ్ పంపు (కొన్ని పాత బండ్లలో ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది), ఈజీఆర్ సోలినాయిడ్, టర్బో యాక్చుయేటర్ (వీజీటీని కదిలించేది) సన్న పైపులు. ఒక్కో పైపును వేళ్లతో నొక్కి పట్టి ఈల ఆగుతుందేమో చూడండి. యాక్చుయేటర్ పైపు పగిలితే ఈల చిన్నదే, బూస్ట్ మాత్రం గల్లంతవుతుంది.

టర్బోనే చూడాల్సి వస్తే

పైవన్నీ బాగుండి ఈల ఆగకపోతే టర్బో నోటి హోస్ విప్పి టార్చి వేయండి. ఇంజన్ ఆపి, చల్లగా ఉండాలి. రెక్కల అంచులు సమంగా ఉన్నాయా, చుట్టూ గోడకు రాసుకున్న మెరుపు గీత ఉందా చూడండి. షాఫ్ట్ కొనను రెండు వేళ్లతో పట్టుకుని పైకీ కిందికీ కదపండి. కొద్దిగా ఊగుతుంది, అది మామూలే, నడిచేటప్పుడు ఆ ఖాళీలో ఆయిల్ నిలుస్తుంది. పక్కకు నొక్కి తిప్పినా రెక్క గోడకు తగలకూడదు. ముందుకూ వెనక్కూ లాగితే కదలిక చేతికి తెలియకూడదు. తెలిస్తే థ్రస్ట్ బేరింగ్ పోయింది.

అప్పుడు కూడా ఎందుకు పోయిందో తేలకుండా కొత్తది పెట్టొద్దు. ఆయిల్ వచ్చే పైపు, దాని బాంజో బోల్టులో జల్లెడ ఉంటే అది, తిరిగి సంపుకు (ఇంజన్ అడుగున ఉన్న ఆయిల్ తొట్టికి) దిగే పైపు మూడూ శుభ్రం చేయాలి. ఎండలో ఘాట్ ఎక్కి వచ్చి వెంటనే కీ తిప్పేస్తే ఎర్రగా కాలిన షాఫ్ట్ దగ్గర ఆయిల్ నిలిచి బొగ్గవుతుంది. ఆ బొగ్గే ఆ పైపులను మూస్తుంది. గట్టిగా లాగి వచ్చాక ఒకటి రెండు నిమిషాలు స్లోలో వదలాలి అనేది ఇందుకే. ఇంటర్‌కూలర్‌ను కూడా విప్పి కడగండి, పాత రెక్క ముక్కలు అందులో ఉంటే నేరుగా సిలిండర్‌లోకే పోతాయి. కొత్త టర్బో పెట్టాక ఆయిల్ రంధ్రంలో కాస్త ఆయిల్ పోసి చేత్తో తిప్పి, ఇంజన్ ఆయిల్, ఫిల్టర్ మార్చి, స్టార్ట్ కాగానే రేసు ఇవ్వకుండా నిమిషం ఆగాలి.

టర్బో కోర్ (షాఫ్ట్, చక్రాలు, బేరింగులు ఉన్న మధ్య భాగం) మాత్రమే మార్చి ఇచ్చే చోట బ్యాలెన్సింగ్ మెషిన్ మీద పెట్టారా అని అడగండి. పెట్టకపోతే కొత్త కోర్ మొదటి రోజు నుంచే ఈల వేస్తుంది, అది "సెట్ అయిపోతుంది" అన్న మాట నమ్మొద్దు.

చేయకూడనివి

పెట్రోల్ బండ్లకు లీకు పట్టడానికి క్లీనర్ స్ప్రే కొట్టే అలవాటు కొందరికి ఉంది. డీజిల్ ఇంజన్ నడుస్తుండగా ఇన్‌టేక్ దగ్గర మండే స్ప్రే ఏదీ కొట్టొద్దు. అది లోపలికి పోతే ఇంజన్ దానిమీదే రేసెత్తుతుంది, వేడి టర్బో మీద పడితే అంటుకుంటుంది. టర్బో సీలు పోయి సొంత ఆయిలే తాగి ఇంజన్ రేసెత్తినా కీ తీస్తే ఆగదు. బ్రేకు గట్టిగా తొక్కి, టాప్ గేరు వేసి, క్లచ్ వదిలేసి అణచాలి. ఆటోమేటిక్ అయితే గాలి వచ్చే నోటికి చెక్క పలక అడ్డం పెట్టాలి, చెయ్యి మాత్రం పెట్టొద్దు. డీజిల్ పైపుల వైపు సన్నటి తుంపర కనిపించినా చేత్తో తడమొద్దు. ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ పంచే కామన్ రైల్‌లో వెయ్యి బార్ పైన ఒత్తిడి ఉంటుంది, చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. గాయం సూది గుచ్చినంతే కనిపించినా వెంటనే ఆస్పత్రికి పోవాలి.

పని పూర్తయ్యాక కోడ్ తుడిచి, మొదట ఏ ఎక్కుడులో ఏ గేరులో చూశారో అక్కడే మళ్లీ లాగి చూడండి. కొత్త హోస్ వేసి ఉంటే రెండు మూడు వందల కిలోమీటర్లకు రబ్బరు సర్దుకుని క్లిప్పు కాస్త వదులవుతుంది, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు అర చుట్టు బిగించుకోండి.